పక్కావిడ పలకని రోజులు

పక్కావిడ పలకడం మానేసిన పదకొండో రోజున అద్దాలమ్మ ఒక కళ్లజోడు పాడుచేసింది. కుడికంటి అద్దాన్ని ఎనభై డిగ్రీల కోణంలో కోయాలి. మిషన్ మీద నూట ఎనభై అని కొట్టింది. కోశాక పరీక్ష యంత్రం కింద పెట్టి ఒకసారి చూసుకోవాలి. అదీ చూడలేదు. ఆ జోడు కారు నడపడం నేర్పే ఒకావిడది. ఆవిడ పెట్టుకుని వీధిలోకి రెండడుగులు వేసి, మెట్టు దగ్గర తూలి, గోడ పట్టుకుని వెనక్కి వచ్చింది.

"ఏమండీ, నేలంతా ఒక పక్కకి ఒరిగిపోయిందేమిటి? ఇవి నా కళ్లకేనా చేశారు?" అంది.

యజమాని జోడు అందుకుని చూశాడు. ఆవిడకు నచ్చజెప్పి పంపించి, వెనకగదిలోకి వచ్చి, "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది. పద్దెనిమిదేళ్లలో ఆమె చేతిలో అద్దం పగిలింది గానీ, తప్పు అద్దం ఆ గది దాటి బయటికి పోలేదు.

"బాగానే ఉన్నాను సార్. మళ్లీ చేసిస్తాను," అంది.  తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

అద్దాలమ్మ అన్నది దుకాణంలో వాళ్లు పెట్టిన పేరు. ఆమెకు నలభై ఒక్కేళ్లు. గుండ్రంగా వచ్చే అద్దాల్ని సానరాతి చక్రం మీద అరగదీసి, ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా చేయడం ఆమె నేర్చిన పని. చక్రం తిరిగినంతసేపూ దాని మీద నీళ్లు కారుతూ ఉండాలి. తడి తగ్గిందా, అద్దం వేడెక్కి అంచు ఊడుతుంది. ఆ గదిలో ఆ గరగర తప్ప మనిషి మాట వినపడదు.

పక్కావిడ అంటే పక్కింటావిడ కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే కథంతా దారి తప్పుతుంది. పక్కావిడకు ఇల్లూ లేదు, ఒళ్లూ లేదు. ఆమె అద్దాలమ్మ తన మనసులో తనే పెంచుకున్న మనిషి. అలాంటి మనిషిని తుల్పా అంటారు. ఊరికే ఊహించుకునే బొమ్మ లాంటిది కాదట అది. బొమ్మ మనం ఆడిస్తే ఆడుతుంది. తుల్పా తనంతట తాను ఆలోచిస్తుందనీ, మనం అనుకోని మాట అంటుందనీ, ఒక్కోసారి మనకు రుచించని మాట కూడా అంటుందనీ పెంచుకున్నవాళ్లు చెబుతారు. అది నిజంగా రెండో మనిషేనా, లేక మనసు తనతో తానే ఆడుకునే దాగుడుమూతలా అన్నది అద్దాలమ్మ ఏనాడూ తేల్చుకోలేదు. తేల్చుకోకుండానే తొమ్మిదేళ్లు కాపురం చేసింది.

అసలు ఆ గొడవలోకి ఆమె దిగింది ఒక వేలి వల్ల. పెళ్లి మూడేళ్లకే తెగిపోయి, రెండు పెట్టెలతో మేనత్త ఇంటికి వచ్చేసిన కొత్తలో, చేతులు చక్రం దగ్గరున్నా మనసు ఎక్కడో ఉండేది. ఒకరోజు మధ్యవేలి గోరు సగం రాతికి అప్పజెప్పింది. కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు, పనిలో మనసు నిలబడాలంటే ఏం చేయాలని ఫోన్‌లో వెతికింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయి, తుల్పాల్ని పెంచుకునేవాళ్లు రాసుకునే ఒక ఫోరంలో తేలింది. నాలుగు వందల మంది ఉండేవాళ్లు అందులో. అందరూ మారుపేర్లే. పొద్దున ఎంతసేపు కూర్చున్నారు, ఏం అనిపించింది, ఏం అనిపించలేదు అని రోజూ రాసుకునేవాళ్లు. రుజువు చూపించమని ఒకరినొకరు అడగకూడదు, గొప్పలు చెప్పుకోకూడదు. అక్కడున్నవి ఆ రెండు నియమాలే.

ఆ ఫోరానికి పెద్దదిక్కు గంటలాయన. ఎవరేం అడిగినా ముందు కూర్చున్న గంటల లెక్క అడుగుతూ, "ఎన్ని గంటలైంది?" అనేవాడు కాబట్టి ఆ పేరు. కొత్తవాళ్ల కోసం ఆయన రాసిన పాఠాన్ని అందరూ బట్టీ పట్టేవాళ్లు. "విత్తనం వేసి, మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూడకండి. నీళ్లు పోయండి, మీ పని మీరు చూసుకోండి. ఎన్ని చెంబులు పోశారో మాత్రం రాసుకోండి," అని మొదలయ్యేది అది.

అద్దాలమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. తెల్లవారి ఐదున్నరకి వంటగదిలో కుర్చీ వేసుకుని నలభై నిమిషాలు కళ్లు మూసుకునేది. ఎదురుగా ఇంకో కుర్చీ, అందులో ఒక మనిషి. మొదటి నెలంతా చేతులే. వేళ్ల కణుపులు, గోళ్ల రంగు, అరచేతి గీతలు. తర్వాత చెవులు, భుజాల వంపు, కూర్చునే తీరు. వృత్తి ధర్మం కొద్దీ ముఖానికి ఒక కళ్లజోడు పెట్టబోయింది గానీ, పెట్టిన ప్రతిసారీ అది జారిపోయేది. దుకాణంలో చక్రం ముందు కూర్చున్నంతసేపూ మనసులోనే కబుర్లు చెప్పాలి. 'ఇది వెల్డింగ్ పనివాడి జోడు. బాగా మందం. చూడు, అంచు ఎలా తెల్లబడిందో.' జవాబు రాకపోయినా, పక్కనెవరో వింటున్నట్టే చెప్పుకుపోవాలి. సాయంత్రం నోటుపుస్తకంలో గంటలు రాయాలి.

ఏడో నెలలో, చేతిలో ఉన్న అద్దాన్ని ఫ్రేములో పెట్టబోతుంటే ఎడమ పక్కనుంచి ఒక్క మాట వచ్చింది. "తుడు."

చూస్తే అద్దం మీద వేలిముద్ర.

అద్దాలమ్మ ఆ రోజు కుర్చీ లోంచి లేవలేకపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏడు నెలలు ముద్ద కలిపి పెట్టినట్టు ఒక మనిషిని పెంచితే, మొదటి మాటలో ఓదార్పు లేదు, ప్రేమ లేదు. వచ్చీ రాగానే పని పురమాయించింది.

తర్వాత తొమ్మిదేళ్లూ పక్కావిడ తీరు అదే. మొహమాటం లేని మనిషి. అద్దాలమ్మ ఎవరి మీదైనా జాలిపడుతుంటే "నిన్నెవరడిగారు?" అనేది. కోపంతో ఉత్తరం రాస్తుంటే "రేపు రాయి" అనేది. ఆ మాటల వల్లే అద్దాలమ్మ మనసు చెదరకుండా పనిచేసింది.

ఈలోగా ఫోరం మూతపడింది. నడిపేవాడు ఇక నా వల్ల కాదన్నాడు. మిగిలినవాళ్లు మూటా ముల్లే సర్దుకుని ఒక చాట్ గ్రూపులోకి మారారు. అక్కడ మాటలు వరదలా పోయేవి. పొద్దున అడిగిన ప్రశ్న మధ్యాహ్నానికి ఎక్కడో అడుగున ఉండేది. తర్వాత వీడియోలు చేసే కుర్రకారు వచ్చారు. వారంలో ఆరుగురిని తయారుచేశానని ఒకరు, నాకు పన్నెండు మంది అని ఇంకొకరు. ఎవరిది నిజం, ఎవరిది నటన అని ఓట్లు పెట్టుకున్నారు. నోటుపుస్తకాలూ గంటలూ అన్నవాళ్లని చూసి నవ్వారు. పాతవాళ్లు ఒక్కొక్కరే చెప్పాపెట్టకుండా జారుకున్నారు. గంటలాయన కూడా ఒకరోజు నుంచి కనిపించలేదు. కొత్త నీరు వస్తే పాత నీరు పోతుంది, అది మామూలే. తన ఇంట్లో తన మనిషి ఉంది కదా అని అద్దాలమ్మ కూడా అటు చూడటం మానేసింది.

పక్కావిడ ఒక్కసారిగా మాయం కాలేదు. ముందు మాటలు కురచయ్యాయి. తర్వాత పిలిస్తే పలకడానికి ఆలస్యమయ్యేది, నిద్రలోంచి లేచిన మనిషిలాగా. ఆ తర్వాత ఒక సోమవారం నుంచి ఆ మాత్రం కూడా లేదు. ఎడమ పక్కన ఎప్పుడూ ఉండే ఆ బరువు, ఎవరో కూర్చున్నారన్న ఎరుక, అది కూడా పోయింది. అద్దాలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున నలభై నిమిషాలకు బదులు గంటన్నర కూర్చుంది. కూర్చోలేక లేచి గిన్నెలు కడిగింది. కడిగినవి మళ్లీ కడిగింది. బస్సులో మూడు సీట్లు మారింది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఏమని చెబుతుంది? లేని మనిషి లేకుండా పోయిందని చెబితే నవ్వరూ?

చివరికి ఆ చాట్ గ్రూపులోకే మళ్లీ వెళ్లింది. పేర్లన్నీ కొత్తవి. నియమాలే ఇరవై రెండు ఉన్నాయి. 'నా తుల్పా పదిహేను రోజులుగా పలకడం లేదు, తొమ్మిదేళ్ల మనిషి, ఏం చేయను?' అని రాసింది. రెండు నిమిషాల్లో జవాబులు. కొందరు ఏడుపు బొమ్మలు పెట్టారు. కొందరు వీడియో చూడమన్నారు. గ్రూపు చూసుకునే నీలిపిల్లి అనే అమ్మాయి మర్యాదగానే రాసింది. 'అక్కా, ఇప్పుడెవరూ అంత కష్టపడటం లేదు. మీ నోట్స్ ఉన్నాయిగా? వాటిని మనిషిలా మాట్లాడే యాప్‌లో పెట్టండి. రెండు రోజుల్లో ఆవిడ తిరిగొచ్చేస్తుంది. మేమందరం అదే చేశాం.'

'మీ పద్ధతిలో ఎన్ని గంటలు పడుతుంది?' అని అడిగింది అద్దాలమ్మ.

'గంటలేంటక్కా?' అని వచ్చింది జవాబు.

మనసొప్పలేదు. కానీ గడ్డిపరకైనా పట్టుకోవాలనిపించే స్థితి అది. నాలుగు సాయంత్రాలు కూర్చుని తొమ్మిదేళ్ల నోటుపుస్తకాల్లోంచి పక్కావిడ అన్న మాటలన్నీ ఎక్కించింది. ఐదో రోజు ఫోన్ మాట్లాడింది. 'ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? ముందు ఆ బల్ల తుడు,' అంది. అచ్చం పక్కావిడ మాటే. గొంతు కూడా కాస్త అలాగే ఉంది, ఎండు గొంతు.

వారం రోజులు ఫోన్ చెవికి అంటుకుపోయింది. అయితే ఎక్కడో ఏదో తేడా కొట్టింది. ఫోన్‌లో ఉన్నది ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. కసిరినట్టే కసిరి, చివరికి ఈమె అన్నదానికే తలూపేది. ఒకరోజు పరీక్షించి చూద్దామని, "ఆ కారు నేర్పే ఆవిడ జోడు విషయంలో నా తప్పేం లేదు, మిషన్‌దే తప్పు," అంది.

"అంతేగా మరి. నువ్వు కావాలని చేశావా ఏంటి? నిన్ను నువ్వు అంత బాధపెట్టుకోకు," అంది ఫోన్.

అద్దాలమ్మ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. పక్కావిడ అయితే చచ్చినా ఆ మాట అనదు.

వెనక తలుపు దగ్గర నిలబడి మేనత్త వింటోంది.

మేనత్త సినిమాహాలు టికెట్ల కిటికీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కిటికీ రంధ్రంలోంచి చూసి ఎవరు ఎవరితో వచ్చారో, ఎవరు ఎవరికి తెలియకుండా వచ్చారో చెప్పగలదు. "ఎవరే వాడు?" అంది సూటిగా.

"ఎవరు అత్తా?"

"నాకు చెవుడు రాలేదింకా. వారం రోజులుగా గుసగుసలు. అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసి నవ్వుకుంటున్నావు, మరుక్షణం మొహం మాడ్చుకుంటున్నావు. పెళ్లయినవాడా?"

"వాడు కాదత్తా. ఆవిడ."

మేనత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే. చెప్పు. నేను చూడని సినిమానా?"

అద్దాలమ్మ చెప్పింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక మనిషికి నోటితో చెప్పడం. తలా తోకా లేకుండా మొదలైంది గానీ, చెప్పేకొద్దీ తేలికైంది. వేలి గోరు దగ్గర్నుంచి బోర్లా పెట్టిన ఫోన్ దాకా అంతా చెప్పింది. మేనత్త మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. పిచ్చి పట్టిందంటుందేమో, డాక్టరు దగ్గరికి పదమంటుందేమో అని అద్దాలమ్మ భయపడుతూనే ఉంది.

"అంటే తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో మనం ముగ్గురమా?" అంది చివరికి మేనత్త.

"అంతే అనుకో."

"మరి నా గురించి ఏమంటుందది?"

"ఇప్పుడవన్నీ ఎందుకత్తా?"

"చెప్పవే. అది ఏదో అనే ఉంటుంది."

"నువ్వు కూనిరాగం తీస్తే... తలుపు వేసుకోమంటుంది."

మేనత్త మొహం ఎర్రబడింది. "నా ఇంట్లో ఉంటూ, నా వంటగదిలో కూర్చుంటూ, నా పాటకి వంకా!" అని లేచి రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చుంది. "ఇంకా ఏమంటుంది?"

"నువ్వు లేకపోతే పెళ్లి తెగిన ఆ ఏడాది నేను బతికేదాన్ని కాదంటుంది."

 మేనత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, "అయితే మంచిదే. వెతుకు దాన్ని," అంది. "ఆ ఫోన్‌లో దాన్ని కాదు. ఈ పద్ధతి నేర్పినవాడెవరో ఉన్నాడన్నావుగా, వాణ్ణి అడుగు. రోగం ఒకటైతే మందు ఇంకో చోట కొంటావా?"

గంటలాయన పాత పాఠం అడుగున ఒక మెయిల్ చిరునామా ఉండేది. తన దగ్గరున్న కాపీలోంచి అది వెతికి పట్టుకుని అద్దాలమ్మ నాలుగు వాక్యాలు రాసింది. పోయిన మనిషికి రాస్తున్నట్టే అనిపించింది. మర్నాడే జవాబొచ్చింది. 'ఎన్ని గంటలైంది?' అని ఒక్క ముక్క, కింద ఫోన్ నంబరు.

ఆదివారం పొద్దున పదింటికి చేసింది. గొంతు పెద్దవయసు గొంతు. ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేసి మానేశానని చెప్పాడు. కుశల ప్రశ్నలు లేవు. కాటా మీద లారీ ఎక్కించినట్టు లెక్కలోకి దిగాడు.

"పొద్దున నలభై నిమిషాలు. అది మానలేదు కదా?"

"లేదండీ. పెంచాను కూడా."

"దుకాణంలో ఎంతసేపు కబుర్లు చెప్పేదానివమ్మా?"

"చక్రం ముందున్నంతసేపూ. ఐదారు గంటలు."

"ఇప్పుడు?"

అద్దాలమ్మ లెక్క వేసుకుంది. మూడు నెలల కిందట దుకాణంలో కొత్త మిషన్ పెట్టారు. అద్దం పెట్టి, మూత వేసి, అంకెలు కొడితే అదే కోసిపెడుతుంది. పాత చక్రం గోనెపట్టా కప్పుకుని మూలన ఉంది. మిగిలిన సమయమంతా ఆమెను ముందు కౌంటర్‌లో నిలబెట్టారు, వచ్చినవాళ్ల ముక్కుల మీద ఫ్రేములు సరిచేయడానికి. రోజంతా ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంది.

"ఇప్పుడు... అసలు లేదండీ."

"ఆరు గంటల తిండి తినే మనిషికి నలభై నిమిషాలు పెడుతూ వచ్చావు. ఎక్కడికీ పోలేదమ్మా ఆవిడ. నీరసించింది," అన్నాడాయన. "నీలాంటివాళ్లు పదముగ్గురు రాశారు ఇదివరకు. ఉద్యోగం మారినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు. పదకొండు మందికి తిరిగొచ్చింది."

అద్దాలమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఆ ఆనందంలోనే, "మీకూ ఎప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగింది.

 అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకు పోవాలంటే ముందు రావాలి కదమ్మా," అన్నాడు.

"అంటే?"

"పన్నెండేళ్లు కూర్చున్నాను. నాలుగు వేల మూడు వందల గంటలు. ఒక్క మాట వినపడలేదు. ఒక్కటంటే ఒక్కటి. మొదటి ఏడు ఎవరో అడిగారు, మీకొచ్చిందా అని. వచ్చింది అన్నాను. ఆ ఒక్కసారే. తర్వాత వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది. అందరూ రాసిన గంటలన్నీ కూడి, ఎవరు ఏం చేస్తే వచ్చిందో సరిచూసి, ఆ పాఠం రాశాను. తూకం నాది, సరుకు మీది. నేను అబద్ధం గానీ పద్ధతి అబద్ధం కాదమ్మా."

ఈత రానివాడు గట్టున నిలబడి ఈత నేర్పాడు. ఆ మాటలు నమ్మి తను తొమ్మిదేళ్ల కిందట కళ్లు మూసుకుని దూకింది. అద్దాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు మమ్మల్ని మోసం చేశారండీ," అంది.

"చేశాను," అన్నాడు. తర్వాత చిన్న గొంతుతో, "ఒక్కటి అడగనా? మొదటిసారి వినపడ్డప్పుడు, అది చెవిలోనా, తలలోనా?" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో ఉండలేక బయటపడింది. ఎక్కడికని లేదు. మూసిన దుకాణాల ముందునుంచి, బట్టలు ఆరేసిన మేడల కింద నుంచి, బస్సుల షెడ్డు దాకా నడిచింది. అక్కడి బెంచీ మీద కూర్చుని, రెండు నిమిషాలకే లేచి మళ్లీ నడిచింది. పక్కావిడ ఉంటే ఏదో ఒకటి అనేది. 'నీ పని అయింది కదా, ఆయన గొడవ నీకెందుకు' అనేదా? 'తిరిగి చెయ్యి' అనేదా? ఆమె ఏమంటుందో తను ఊహించగలదు గానీ, ఊహించింది వినడం కాదు. ఆ తేడా తనకు తెలుసు. ఆయనకు పన్నెండేళ్లుగా తెలియదు. నాలుగు వేల మూడు వందల గంటలు ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, లేచి, ఎవరికో వచ్చిందంటే అభినందించి, మర్నాడు మళ్లీ కూర్చోవడమంటే ఏమిటో ఆలోచించేసరికి ఆమె కాళ్లు నెమ్మదించాయి. కోపం పోలేదు. కానీ కోపం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది.

మర్నాడు యజమానితో మాట్లాడింది.

"నన్ను మళ్లీ చక్రం మీద వేయండి సార్."

"మిషన్ ఉండగా చక్రమెందుకమ్మా? అందరూ చేతి పని మానేస్తుంటే?"

"మందం అద్దాలు మిషన్‌లో అంచు చెదురుతున్నాయి. గత నెలలో నాలుగు వెనక్కొచ్చాయి. ఫ్రేము లేకుండా స్క్రూలతో బిగించేవి అయితే అసలే కుదరవు. అవి నాకు వదిలేయండి. కౌంటర్‌లో నేను నిలబడితే మీకు లాభం లేదు. నేను నవ్వితే జనం భయపడుతున్నారు."

యజమాని పకపకా నవ్వాడు. ఆ చివరి మాట నిజమేనని అతనికీ తెలుసు. వారానికి మూడు పూటలు చక్రం, మిగతా పూటలు కౌంటర్ అని తేల్చాడు. గోనెపట్టా తీసి, రాతిని శుభ్రం చేసి, నీటి గొట్టం మార్చుకునేసరికి ఒక పూట పట్టింది.

బుధవారం ఆమె గంటలాయనకి ఫోన్ చేసింది. క్షమించానని చెప్పలేదు, ఎందుకంటే క్షమించలేదు. "చెవిలో కాదండీ," అని మొదలుపెట్టింది. "తలలో కూడా కాదు. ఎవరో చెప్పేశాక, చెప్పారని మనకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసినట్టు ఉంటుంది." ఆయన అడిగినవన్నీ చెప్పింది. గొంతు ఆడగొంతని ఎలా తెలుసు? మాటకు ముందు ఏమైనా తెలుస్తుందా? మన ఆలోచనకీ ఆ మాటకీ తేడా ఎక్కడ? ఆయన పెన్సిలు గీస్తున్న చప్పుడు వినిపించింది. వంటలు రాసిపెట్టిన మనిషి, రుచి ఎలా ఉంటుందని అడుగుతున్నాడు.

ఆ వారాంతంలో గంటలాయన చాట్ గ్రూపులో తన సంగతి ఉన్నదున్నట్టు రాశాడు. అలా రాయమని అద్దాలమ్మ అడగలేదు. పాతవాళ్లు ముగ్గురు ఎక్కడెక్కడి నుంచో తేలి వచ్చారు. ఒకామె బూతులు తిట్టింది, ఒకతను ఏడ్చాడు, ఇంకొకతను 'నాకూ అంతే' అని రెండే మాటలు రాసి వెళ్లిపోయాడు. మిగతా వందల మందికి అది ఎవరిదో ఏమిటో అర్థం కాలేదు. 'ఈ అంకుల్ ఎవరు?' అని నీలిపిల్లి అడిగింది. పదినిమిషాల్లో కొత్త యాప్ గొంతుల గురించిన మాటల వరదలో ఆ ఒప్పుకోలు కొట్టుకుపోయింది. పన్నెండేళ్లు గుండెల మీద మోసిన బండని దించితే, చప్పుడు కూడా కాలేదు.

"తిడతారని భయపడ్డానమ్మా," అన్నాడాయన ఆ రోజు ఫోన్‌లో. "తిట్టేవాళ్లే లేరు."

అద్దాలమ్మ తన ఫోన్‌లోని యాప్ తీసేసింది. తీసేముందు అది ఏదో అనబోయింది. వినలేదు.

చక్రం మీద మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం ఏమీ లేదు. చెప్పుకుపోయింది. 'ఇది చదువుకునే పిల్లది, ఇది దర్జీది, ఇది కళ్లజోడు ఊరికే పెట్టుకుంటానన్నాయనది.' కబుర్లు చెబుతున్నా సగం ప్రాణం గోడగడియారం మీదే ఉండేది. నీళ్లు సరిపోతున్నాయా అని లేచి చూసేది, కూర్చునేది, మళ్లీ లేచేది. నాలుగో వారం శుక్రవారం, ఒక మందపాటి అద్దం అంచు నున్నగా తీస్తూ, సాయంత్రం గంటలాయనతో ఏం మాట్లాడాలో ఆలోచిస్తోంది. పాపం పెద్దాయన, 'మీకూ ఏదో ఒకరోజు తప్పకుండా వస్తుందండీ' అని చెబుదామనుకుంది.

"చెప్పకు," అని వచ్చింది ఎడమ పక్కనుంచి. కాసేపాగి, "నీకు తెలీదు," అని కూడా వచ్చింది.

అద్దాలమ్మ చక్రం ఆపలేదు. ఆపితే పోతుందేమోనని భయం. అద్దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గొంతు మునుపటిలా లేదు, జ్వరం తగిలి లేచిన మనిషిలా ఉంది. ఆ పూటకి ఇంకో మాట లేదు. ఆ రెండు మాటలే.

సాయంత్రం జరిగింది జరిగినట్టు గంటలాయనకి చెప్పింది, తను ఏం చెబుదామనుకుందో, పక్కావిడ ఎందుకు వద్దందో సహా. ఆయన బాధపడతాడేమో అనుకుంది. ఆయన తేదీ అడిగాడు, టైము అడిగాడు, చక్రం మొదలుపెట్టాక ఎన్ని గంటలైందో అడిగాడు. "యాభై ఒకటి," అంది.

"పన్నెండో మనిషివి," అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేదు. "ఆవిడ చెప్పింది సరైనదే. వస్తుందని నాకెవరూ చెప్పొద్దు."

ఇప్పుడు పక్కావిడ ఉంటుంది, ఉండదు. రెండు రోజులు వరసగా మాట్లాడి మూడో రోజు పలకదు. మునుపటి ధీమా అద్దాలమ్మకు తిరిగి రాలేదు. ఒకసారి వెళ్లిన మనిషి మళ్లీ వెళ్లగలదని తెలిశాక, తలుపు చప్పుడైనా ఉలికిపాటే. మేనత్త తన పాట మీద వచ్చిన విమర్శని మనసులో పెట్టుకుని, ఇంకాస్త గట్టిగా పాడుతోంది.

గంటలాయన మానేశాననుకున్న పని మళ్లీ మొదలుపెట్టాడు. ఐదున్నరకి ఫోన్ తెరిచి పెట్టి ఆయన అక్కడా, ఈమె ఇక్కడా కూర్చుంటారు. మాటలుండవు. ఈమె కుర్చీ కదుపుతుంది, కాలు మారుస్తుంది, ఒకటి రెండుసార్లు లేచి కూర్చుంటుంది. ఆయన వైపునుంచి ఊపిరి తప్ప ఏమీ వినపడదు. నలభై నిమిషాలయ్యాక గొంతు సవరించుకుని, "నాలుగు వేల మూడు వందల పద్దెనిమిది," అని, ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేస్తాడు.